నడిచి చూసిన వెండి

మొన్న మా మునిమనవరాలికి కాళ్ళ గొలుసులు కొనాలని ఇంట్లోవాళ్ళు బయలుదేరి, నన్ను కూడా ప్రొద్దుటూరులో ఒక పెద్ద నగల అంగడికి తీసుకుపోయారు. బయట ఎండ పేలిపోతోంది, లోపల చలి. అద్దాల బల్ల వెనక నిలబడిన కుర్రవాడు ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి అంటించి ఉన్న గొలుసులను అట్లాగే త్రాసు మీద పెట్టి, ఇన్ని గ్రాములని చెప్పి చేతులు కట్టుకున్నాడు.

"చప్పుడెట్లుంటాది నాయనా?" అని అడిగాను.

"డిజైన్ చూడు తాతా, చప్పుడుదేముంది!" అన్నాడు.

చప్పుడుదేముంది! నాకు ఒళ్ళు మండింది. సంచి చించి ఒక గొలుసు తీసి, పంచె పైకి లాగి, నా కాలికి చుట్టుకోబోయాను. అంగడంతా నవ్వింది. మా కోడలు నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, "మానం పోతాంది మామా" అంది.

నవ్వనీ. ఆ నవ్వినవాళ్ళలో ఒక్కరికైనా తెలుసా, ఇదే ఊళ్ళో, గొలుసును తన కాలికి కట్టుకుని వీధిలో నడిచి చూడనిదే ఎంత పెద్ద గిరాకీకైనా ఇవ్వని వెండిపనాయన ఒకడు ఉండేవాడని? నేను బడిలో చదివింది నాలుగో తరగతి. తక్కిన చదువంతా పొట్లాల కాగితాల్లోనూ, గ్రంథాలయం బల్లల మీదనూ సంపాదించుకున్నదే. వెండి చరిత్ర మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. రాజులు తిన్న పళ్ళేలు, రాణుల అద్దాల చట్రాలు, ఓడల్లో వచ్చిన దిమ్మెలు, ఖజానాలు. కోడళ్ళ కాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. ఈ దేశంలో వెండి ఎక్కువ కాలం ఉన్నది కాళ్ళ దగ్గరే కదయ్యా! బంగారం లక్ష్మి, దాన్ని కాలికి తొడగకూడదని నడుం కింది భాగమంతా వెండికి వదిలేశారు. ఆ భాగం చరిత్ర రాయడానికి పండితులకు నామోషీ. సరే, నేను రాస్తాను.

ఆయన పేరు మాత్రం రాయను. రాస్తే ఆయన మనుమలు పోట్లాటకు వస్తారు. వాళ్ళిప్పుడు ఆ ప్లాస్టిక్ సంచుల అంగళ్ళవాళ్ళే.

కర్నూలు రాజధానిగా ఉండి, ఆ తర్వాత లేకుండా పోయిన ఆ రోజుల మాట ఇది. నాకు పత్తి మిల్లులో రెండో పాళీ పని. పెళ్ళయింది, మీసం కూడా బాగానే వచ్చింది. పొద్దున పూట కంసాలి వీధిలో ఆయన అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివేవాణ్ణి. ఆయనకు చదువు రాదు. నన్ను "పేపరోడా" అని పిలిచేవాడు. రాజధాని హైదరాబాదుకు పోయిందని చదివిన రోజు ఊరంతా వాదులాడుకుంటుంటే, ఆయన కుంపట్లో ఊదుగొట్టం పెట్టి, బుగ్గలు రెండూ బూరెల్లాగా ఉబ్బించి ఊది, తీరిగ్గా అన్నాడు:

"పోనీలేరా. ఆడుండే ఆడోళ్ళకు మాత్రం కాళ్ళు ల్యావా?"

ప్రపంచాన్ని ఆయన చెవితో చూసేవాడు. గొలుసులు చేయించుకోవడానికి ఆడవాళ్ళు కొంగు ముడిలో పాత వెండి రూపాయలు తెచ్చేవాళ్ళు, రాజు తల ఉన్నవి. ఒక్కొక్కదాన్నీ దాగలి మీద, అంటే సుత్తిదెబ్బకు ఆనించే ఇనుప దిమ్మె మీద, పడేసి చప్పుడు వినేవాడు. "ఈయప్ప పలుకుతాండాడు" అంటే మంచి వెండి. ఆ రాజు తల మూసలో కరిగిపోయి, తీగై, మువ్వై, మైదుకూరు దగ్గర ఏదో పల్లెలో పేడ ఎత్తే కోడలి కాలికి చేరేది. అప్పట్లో కొత్త రూపాయలు వచ్చాయి, వెండి లేనివి. ఒకటి తెచ్చి దాగలి మీద వేశాను. ఆయన విన్నాడు. మళ్ళీ వేయమన్నాడు. విన్నాడు. "దీనికి జలుబు జేసిందిరా" అన్నాడు.

మువ్వ చెయ్యడం కూడా చెప్పాలి. పల్చటి వెండి రేకును అచ్చులో నొక్కితే రెండు చిప్పలు వస్తాయి. లోపల ఒక గుండు వేసి, చిప్పలు కలిపి, వెలిగారం రాసి అతుకుతారు. ఆ గుండు దగ్గరే ఉంది ఆయన పిచ్చి. తక్కినవాళ్ళు ఇనుప గుండు వేసేవాళ్ళు. ఆయన ఎండాకాలం పెన్న ఇసకలోకి పోయి, మోకాళ్ళ మీద పాకుతూ ఆవగింజంత గులకరాళ్ళు ఏరేవాడు. ఏరిన ప్రతి రాయినీ పళ్ళ మధ్య పెట్టి టిక్కుమని కొరికి, బాగుంటే పొట్లంలోకి, లేకుంటే తుపుక్కున పెన్నలోకి.

"ఇనుము అరుస్తాదిరా, సీసం గొణుగుతాది. పెన్న రాయి మాట్లాడ్తాది" అనేవాడు.

ఇక నడక. ఆరడుగుల మనిషి, ముందుకొక కుండలాంటి పొట్ట, చెవులదాకా పోయే మీసం. గొలుసులు తయారు కాగానే కుంకుడు నురుగులో రుద్ది, తుడిచి, పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, తన లావుపాటి కాళ్ళకు చాలనంత మేరకు నూలుదారం కలిపి కట్టుకునేవాడు. కొట్టు నుంచి పిండిమర మలుపు దాకా పోయి రావాలి. మన్ను మీద ఒక చప్పుడు, బండల మీద ఒక చప్పుడు, అలికిన నేల మీద ఇంకొకటి. మూడూ సరిపోవాలి. అది చాలదన్నట్టు, తొడుక్కోబోయే మనిషి నడక తాను నడిచేవాడు. కొత్త కోడలి గొలుసులైతే తల వంచుకుని, గోడ వారగా, చిన్న అడుగులు. కాపురం ముదిరిన ఇల్లాలివైతే నడుం మీద చెయ్యి పెట్టుకుని దబదబ. నిండు చూలాలికి చేసినప్పుడు నడుం వెనక్కి వాల్చి నడిచాడు. పొట్ట సొంతంగానే ఉంది కనుక అది బాగా కుదిరింది.

వీధి మొగదల గాజులమ్మే బూబమ్మ గంప దించుకుని కూర్చునేది. ఆమె నోటి ముందు మిల్లు సైరను దిగదుడుపు.

"ఏం ఆచారీ, ఈ పొద్దు ఎవురింటి కోడలివి?"

"చిలమకూరు కోడల్ని. నీళ్ళకు పోతాండా. దోవ ఇడువు బూబమ్మా."

"బిందె యాడ మర్సిపోతివి?"

"మా అత్త ఎత్తుకొస్తాంది, ఎనకాల సూడు!"

వెనక నిజంగానే ఆయన భార్య గడపలోకి వచ్చి నిలబడి ఉండేది. "మలుపుకాడ చప్పుడు ఆగిపోయిందంటే నువ్వు కాపీ అంగట్లో దూరినట్టే. నాకు యినపడ్తానే ఉంటాది" అని కేకేసేది. ఇరవై ఏళ్ళుగా ఆ మహాతల్లి కాలికి మాత్రం గొలుసుల్లేవు. ఆమెకు సరిపడే మువ్వ ఇంకా కుదరలేదని ఆయన అనేవాడు. ఆమె దాన్ని నమ్మేదో లేదో, ఆమెనే అడగాలి.

ఇట్లా ఉండగా ఒకరోజు ముద్దనూరు నుంచి పులివెందులకు పోయే దారిలో ఉన్న ఒక పల్లె పెద్దాయన కోడలిని వెంటబెట్టుకుని వచ్చాడు. భూమీ పుట్రా ఉన్నవాడు. ఆయన మీసం చూస్తే భయం వేసేది, పంచె కింద కాళ్ళు చూస్తే జాలి వేసేది. కొంగ కాళ్ళు. కోడలు మాత్రం ఎత్తరి పిల్ల, దించిన తల ఎత్తలేదు.

"ఆచారీ, ఈ పిల్లకు గొలుసులు జెయ్యల్ల. యెట్లుండల్లంటే, వంటింట్లో కాలు కదిలిస్తే పశువుల కొట్టంకాడ నాకు యినపడల్ల."

"కోడలాప్పా, రైలుబండా?"

"ఎగతాళి గాదు. చెప్పాపెట్టకుండా జమ్మలమడుగుకు పుట్టింటికి పోతాంది. వాళ్ళ నాయన పంచాయితీ ఎలక్షన్లో ఎదుటోళ్ళ గుర్తుకు తిరిగినాడు. ఆ గడప నా ఇంటి మనిషి తొక్కగూడదు." అంతటితో ఆగలేదు. గొలుసు కొనలు కలిపేచోట మామూలుగా మర ఉంటుంది, ఎవరికి వాళ్ళు తిప్పి తీసుకోవచ్చు. పెద్దాయన మర వద్దన్నాడు. చీల కావాలన్నాడు. చీల దూర్చి దాని తల అణగగొడితే, మళ్ళీ కంసాలి ఆకురాయితో అరగదీస్తే తప్ప ఊడదు.

చెప్పవలసింది చెప్పి, పొగాకు ఉమ్మడానికి ఆయన మలుపు దాకా పోయాడు. అప్పుడా పిల్ల తల ఎత్తింది.

"పెద్దనాయనా, మా అమ్మకు పచ్చవాతం. ఒక పక్కంతా పడిపొయింది. ఎవురు పెట్టినా తినదు, నేను పెడితే తింటాది. ఈటిని మూగయి జెయ్యి పెద్దనాయనా. చప్పుడు రాకుండా జెయ్యి."

ఆయన చేతిలో పట్టకారు అట్లాగే ఆగింది. దాన్ని పక్కన పెట్టి అన్నాడు: "మీ మామను తిట్టమను, తిడతా. నాలుగు గుద్దమను, గుద్దతా. మూగ మువ్వ మాత్రం నా చేత గాదు తల్లీ. నా చెయ్యి ఇనదు."

"సరేలే పెద్దనాయనా" అని ఆ పిల్ల మళ్ళీ తల దించుకుంది. దించి, తన పాదాలనే చూసుకుంటూ కూర్చుంది.

గొలుసులు చేశాడు. అంత బాగా పలికిన గొలుసులు ఆయన చేతి నుంచి నేను వినలేదు. అయితే వాటిని కట్టుకుని నడిచిన రోజు బూబమ్మ "ఈ పొద్దు ఎవురివి?" అంటే జవాబివ్వలేదు. ఆ పిల్ల నడకా నడవలేదు. తన నడకే నడిచి వచ్చేశాడు. పెద్దాయన, కోడలు వచ్చి చీలలు వేయించుకుని పోయారు. ఆ వారమంతా నేను పేపర్లో ఏ వార్త చదివినా తిట్టాడు. వానలు పడ్డాయంటే వానను కూడా తిట్టాడు.

కొన్ని నెలలకు పెద్దాయన మళ్ళీ దిగాడు. వెనక కోడలు. బస్సు దిగి కంసాలి వీధి దాకా అరుచుకుంటూనే వచ్చాడు.

"దొంగ ఆచారీ! మూగ గొలుసులు అంటగట్టినావు కదరా!"

వీధి వీధంతా బయటికొచ్చింది. మా ఆచారి ఆ మాట మీద లేచాడు. పొట్ట తగిలి కుంపటి పక్కకు ఒరిగింది. "ఏమంటివి? ఇంగోసారి అను!"

"అంటా! మొన్న నేను కొట్టంలో మేలుకొనే ఉండా. నా ముందర పెరడు దాటి రోడ్డెక్కింది. ఒక్క మువ్వ పలకల్యా. బస్సెక్కబోతాంటే మా జీతగాడు సూసి పిల్సుకొచ్చినాడు కాబట్టి సరిపోయింది."

పిల్ల మొహం పీక్కుపోయి ఉంది. బూబమ్మ మెల్లగా దగ్గరికి పోయి "అమ్మకెట్లుంది తల్లీ?" అంది. "మాట పడిపొయిందంట" అంది ఆ పిల్ల. "పైవారం దాకా ఉంటాదో ఉండదో అని కబురొచ్చింది."

ఆచారి అది కూడా విన్నాడు. అయినా ముందు ఆయనకు గొలుసుల సంగతి తేలాలి. "నడువు తల్లీ" అన్నాడు. పిల్ల బండల మీద నడిచింది. నిశ్శబ్దం. "మన్ను మింద నడువు." నడిచింది. మన్ను కూడా నిశ్శబ్దమే. ఆరడుగుల మనిషి నేల మీద బోర్లాపడి, చెవి ఆ పిల్ల పాదాల దగ్గర పెట్టాడు. "ఇంగోసారి."

అప్పుడు చూశాడు, నేనూ చూశాను. ఆ పిల్ల ముందు వేళ్ళు ఆనిస్తోంది. వేళ్ళ నుంచి పాదాన్ని చాప చుట్ట విప్పినట్టు దింపుతోంది. మడమ నేలకు తగిలే వేళకు కాలిలో కదలికే లేదు. ఎన్ని నెలలు ఏ వంటింట్లో నేర్చుకుందో! పెన్న రాళ్ళు ఒక్కటి కూడా నిద్ర లేవలేదు.

ఆయన మన్ను దులుపుకోకుండా లేచి నిలబడ్డాడు. నోరు తెరిస్తే ఆయన పరువు దక్కుతుంది. "నీ కోడలు వేళ్ళ మింద నడుస్తాంది, తిన్నగా నడవమను" అంటే చాలు. తెరిచాడు. పిల్ల వంక చూశాడు. మూశాడు. ఇన్నేళ్ళలో ఆయన నోరు తెరిచి ఊరికే మూయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"నా గొలుసుల్లో వంక ల్యా" అన్నాడు చివరికి. "ఇటియ్యి, నేను నడిచి సూపిస్తా."

"నువ్వు నడిస్తే ఒప్పుకోను. కావాలని అదిలిస్తావు."

"అయితే నువ్వు నడువు."

పెద్దాయన ముక్కుపుటాలు అదిరాయి. "నేనా? ఆడోళ్ళ గొలుసులు నేను కట్టుకునేదా?"

"యాల, మీసముండేవాళ్ళకు మోగవా ఏంది?" అంది బూబమ్మ గంప మీద నుంచి. "ఈ ఆచారి మీసం సూడు. దినామ్మూ ఎవురో ఒకరి కోడలే."

అందరూ నవ్వారు. నవ్వు రోషానికి తగిలింది. పెద్దాయన అరుగు మీద కూర్చుని, పంచె పైకి లాగి, కొంగ కాళ్ళు రెండూ చాపాడు. "కట్టరా. మోగకపోతే నీ కొట్టు పీకిస్తా."

ఆచారి ఆకురాయితో చీలల తలలు అరగదీసి పిల్ల కాళ్ళ నుంచి గొలుసులు తీశాడు. మామగారి కాళ్ళకు పెట్టాడు. నూలుదారం అవసరం కూడా లేకపోయింది, కొలిచినట్టు సరిపోయాయి. కొత్త చీలలు దూర్చి, కింద చిన్న దాగలి ఆనించి, సుత్తితో టకటకా తలలు అణగగొట్టాడు.

"తలలు యాల కొడతాండావు?"

"చీల వదులైతే చప్పుడు అబద్దం జెప్తాదప్పా. పరీచ్చంటే పరీచ్చే."

పెద్దాయన లేచాడు. మొదటి అడుగుకే వీధంతా పలికింది. కోపంగా నడిచే మనిషి కదా, మడమ ముందు పడుతుంది. మువ్వ మువ్వా మాట్లాడింది. నాలుగు అడుగులు సిగ్గుతో వేశాడు. ఎవరో "భళా!" అన్నారు. పిండిమరలో పనిచేసేవాళ్ళు తెల్లటి మొహాలతో బయటికొచ్చారు. ఆ చప్పుడులో ఏముందో గానీ, పెద్దాయన నడుం నిటారైంది. చెయ్యి మీసం మీదికి పోయింది. ఆయనకు నచ్చింది. ఒట్టు, ఆయనకు శానా నచ్చింది.

"మన్ను మింద అయింది, ఇంగ బండల మింద నడువప్పా!" అని అరిచాడు మా ఆచారి. "మలుపు దాటి పో! గోడలు దగ్గరైనకాడ ఇంగా బాగుంటాది!"

జనమంతా ఆయన వెంట పోయారు. అరుగు దగ్గర మిగిలింది మేము నలుగురం. ఆచారి పిల్ల వైపు తిరగలేదు. కుంపటిని సరిచేసుకుంటూ, బొగ్గులతో మాట్లాడినట్టుగా అన్నాడు: "బస్టాండు ఎనక సందులోనే తల్లీ. జమ్మలమడుగు బస్సు ఈ ఏళప్పుడే కదుల్తాది. ఈ పొద్దు తిన్నగా నడిసినా ఏం గాదు."

బూబమ్మ గంప అక్కడే వదిలేసి పిల్ల చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ సందులోకి పోయారు. ఆ పిల్ల మడమలు నేలకు గట్టిగా ఆనించి పరుగెత్తింది. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఎవరైనా అడిగితే నేను వార్తలు చదువుతున్నాను.

పెద్దాయన తిరిగొచ్చేసరికి బూబమ్మ మళ్ళీ గంప దగ్గర ఉంది.

"మోగినాయి. ఒప్పుకుంటి" అన్నాడు రొప్పుతూ, దాదాపు సంతోషంగా. చుట్టూ చూశాడు. "పిల్ల యాడ?"

వెనక సందు అవతల నుంచి కండక్టరు గొంతు వినబడింది: "జమ్మలమడుగో, జమ్మలమడుగు!"

ఆయనకు అర్థమైంది. ఎగిరి దూకాడు. ఘల్లుమంది. ఇంకొక అడుగు. ఘల్లు. పక్క వీధి నుంచి కూడా తలలు బయటికొచ్చాయి. బస్టాండులో ఎవరెవరుంటారో ఆయనకు బాగా తెలుసు, ఎదుటి గుర్తువాళ్ళతో సహా. నిలబడిపోయాడు. మెల్లగా వెనక్కి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"ఇప్పరా ఈటిని."

"ఇప్పుతానప్పా. ఆకురాయి యాడ పెట్టినానో కనపడ్డంల్యా" అని మా ఆచారి కొట్టంతా వెతికాడు. పెట్టె కింద, చాప కింద, మూసలు పెట్టే గూట్లో. కూర్చున్న చోటు నుంచి మాత్రం లేవలేదు. ఆకురాయి ఆయన తొడ కింద ఉంది.

పెద్దాయన తన కాళ్ళ వంక చూసుకుంటూ ఉండిపోయాడు. ఒక బొటనవేలు కదిలించాడు. మువ్వ ఒకటి పలికింది. మళ్ళీ కదిలించాడు.

"ఆయమ్మకు అంత బాగల్యాదా?" అన్నాడు, ఎవరితోనో తెలియదు.

"మాట పడిపొయింది" అంది బూబమ్మ.

ఆయన గొంతు సవరించుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. కాళ్ళు ముందుకూ వెనక్కూ ఆడించాడు. చివరికి, పోట్లాడుతున్నట్టే అడిగాడు:

"ఆ పిల్లకాడ బస్సుకు దుడ్లుండాయా, ల్యావా?"

"నేనిచ్చినాలేప్పా" అంది బూబమ్మ, సందు వైపు చెవి పెట్టి. "నువ్వు ఆ కాళ్ళు కదపాకు. బస్సు పొయిందో లేదో యినపడ్డంల్యా."